రామానుజుని గణితము - దాని తరువాతి చరిత్ర

శ్రీనివాస రామానుజుని పేరెఱుగని విద్యావంతుడు మన దేశమున నుండడు. ఆతనిని గుఱించి మనవారు తఱచుగ చెప్పుకొను కథలు రెండు కలవు. నామక్కల్లులోని నామగిరి దేవి స్వప్నమున కనబడి సూత్రములను బోధించెనన్నది యొకటి. లండను చెంత ఆస్పత్రిలో పడియుండగా, చూడవచ్చిన హార్డీ పండితుడు తానెక్కి వచ్చిన బాడుగ మోటారు సంఖ్య 1729 అని చెప్పినంతనే, రెండు ఘనముల మొత్తముగా రెండు విధముల వ్రాయదగిన సంఖ్యలలో అదియే మిక్కిలి చిన్నదని రామానుజుడు పలికెనన్నది మఱియొకటి. రెండవది సత్యమే, ఒకటికి పండ్రెండింటి ఘనమగు 1728ని కూడినను, తొమ్మిదింటి ఘనమగు 729కి పదింటి ఘనమగు 1000ని కూడినను 1729 వచ్చును. మొదటిదానిని ఆతడే విశ్వసించియుండెను గావున మనము కాదనవలసిన పని లేదు. ఐనను ఈ కథలతోనే తృప్తి నొందుటవలన మనము పోగొట్టుకొను విషయ మొకటి కలదు. ఆతడు పలకపై రాత్రింబవళ్లు చేసిన పని యెట్టిదో, ఆ పనికి దిక్కైనవా రెవరో, ఆతడు పోయిన పిమ్మట అది యేమైనదో తెలియకయే మనము గర్వపడుచున్నాము.

1920లో ముప్పదిరెండేండ్ల ప్రాయమున మరణించిన రామానుజుని చరిత్ర ఆ మరణముతో ముగియలేదు. వేలకొలది ఫలితములను ఆతడు నోటు పుస్తకములలో వ్రాసి విడిచిపోయెను. వానిలో పెక్కింటికి ఉపపత్తి లేదు. ఉపపత్తి లేనిది గణితమున జ్ఞానముగ చెల్లదు; అది యెంతటి మహనీయుని నోట వచ్చినను ఊహయే. ఆ యూహలను పరీక్షించి, నిజమైనవానిని నిలిపి, తప్పైనవానిని త్రోసివేసి, వాని వెనుక దాగిన శాస్త్రమును వెలికి దీయుటకు అనేక దేశముల పండితులకు నూఱేండ్లు పట్టినది. ఆ నూఱేండ్ల పని జరుగుటకు కారణము, కొందఱు కాగితములను కాపాడుట. కాపాడక పోగొట్టుకొనబోయిన ఘట్టములును కలవు.

సర్వజిత్తు నామ సంవత్సరమున, 1887 డిసెంబరు 22వ తేదీని, ఈరోడులో మాతామహుల యింట రామానుజుడు జన్మించెను. తండ్రి శ్రీనివాసయ్యంగారు కుంభకోణమున నొక బట్టల వర్తకుని వద్ద గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దేవాలయమున భజనలు పాడి సంసారమునకు కొంత చేర్చుచుండెడిది. ఇంటిలో బసచేసిన కళాశాల విద్యార్థుల గణితము నంతయు చిన్ననాటనే నేర్చి, పదమూడేండ్లకే లోనీ రచించిన త్రికోణమితిని ఆతడు ముగించెను. 1903 ప్రాంతమున ఆతని చేతికి కార్ అను లండను ఉపాధ్యాయుని గ్రంథ మొకటి వచ్చెను. అది గొప్ప గ్రంథము కాదు. పరీక్షలకు పిల్లలను సిద్ధపఱచువాడు కూర్చిన పట్టిక. దాదాపు అయిదువేల ఫలితములు వరుసగ నుండును, ఉపపత్తులు నామమాత్రము. ఆ గ్రంథమునే గురువుగ జేసికొని, ఒక్కొక్క ఫలితమును తానే సాధించి, అక్కడినుండి ముందునకు సాగెను. ఫలితమును మాత్రమే వ్రాసి దారిని వ్రాయకుండు పద్ధతియు ఆ గ్రంథమునుండియే అలవడినది. దానికి మఱియొక కారణమును చెప్పుదురు. కాగితము ఖరీదైనది, పలకయే ఆధారము. పలకపై బలపముతో గుణించుట, మోచేతితో చెఱపుట, చివరకు తేలినదానిని పుస్తకమున కెక్కించుట: ఇది యాతని నిత్యకృత్యము. దారి యంతయు మోచేతి కంటుకొని పోయెను.

1904లో కుంభకోణము సర్కారు కళాశాలలో విద్యార్థి వేతనముతో చేరెను. గణితము తప్ప మఱి దేనిపైనను మనసు నిలువలేదు. ఇంగ్లీషున తప్పెను, వేతనము పోయెను. 1905లో, పదునేడేండ్ల ప్రాయమున, ఎవ్వరికిని చెప్పక ఇల్లు విడిచి మన విశాఖపట్టణమునకు పాఱిపోయెను. కొంతకాలమునకు మఱల ఇల్లు చేరెను. 1906లో మదరాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరి, జబ్బుపడి విడిచెను. 1907లో ప్రైవేటుగ ఎఫ్.ఏ. పరీక్షకు పోయి మఱల తప్పెను. ఒక విషయమున తప్పినవాడు అన్నిటను తప్పినట్లే యెంచు నాటి పరీక్షా పద్ధతి కచేరీలకు గుమాస్తాలను తయారుచేయుటకై యేర్పడినది. ఆ పనిని అది చక్కగనే నెఱవేర్చెను. కాని దానిచేత రామానుజునకు పదునెనిమిదవ యేడు మొదలు ఇరువదిమూడవ యేటి వఱకు పోయిన కాలము మఱల రాలేదు. గణితమున నూతన కల్పనకు ఆ వయసే అనువైనదని ఆ శాస్త్రమెఱిగినవా రందురు. ఐరోపాలో అప్పటికే తెలిసిన విషయములు తెలియక, తెలిపెడివారు లేక, ఒక శతాబ్దము వెనుకటి ఫలితములను తానే మఱల కనిపెట్టుచు ఆతడా యేండ్లను గడపెను. 1909లో జానకితో వివాహమైనది, ఆమెకు పదేండ్లు. సంసారభారము మీద పడుటచే నోటు పుస్తకములను చంకబెట్టుకొని ఉద్యోగమునకై తిరుగ నారంభించెను.

ఇక్కడ మనము గుర్తింపదగిన విషయ మున్నది. ఆతనిని మొదట గుర్తించినది కేంబ్రిడ్జి కాదు. మన కళాశాలలును కావు. 1907లో వి. రామస్వామయ్యరుగారను డిప్యూటీ కలెక్టరు, గణితాభిరుచి గలవారిని కొందఱిని చేర్చి యొక సంఘమును స్థాపించిరి. చందాలతో విదేశ పత్రికలను తెప్పించి, తపాలా ద్వారా ఒకరి నుండి ఒకరికి పంపుకొని చదువుటకై యేర్పడిన చిన్న సంఘమది. అదియే తరువాత భారతీయ గణిత సంఘముగ ప్రసిద్ధి కెక్కినది. 1910లో రామానుజుడు తిరుక్కోయిలూరునకు పోయి తాలూకా కచేరీలో గుమాస్తాపని నడిగెను. రామస్వామయ్యరుగారు నోటు పుస్తకములను తిరుగవేసి చూచి, ఇట్టివానిని తాలూకా కచేరీలో పాతిపెట్టుట పాపమని తలచి, మదరాసులోని మిత్రులకు పరిచయపత్రముల నిచ్చి పంపిరి. అక్కడినుండి ఆచార్య పి. వి. శేషయ్యరుగారి మూలమున, నెల్లూరు కలెక్టరును, గణిత సంఘ కార్యదర్శియునగు దివాన్ బహదూరు ఆర్. రామచంద్రరావుగారిని ఆశ్రయించెను. రావుగారు మొదట నమ్మలేదు. పలుమాఱులు విని, సులభమైనవానినుండి కఠినమైనవానికి ఆతడు తమను నడిపించుకొని పోగా, అప్పుడు నమ్మిరి. ఏమి కావలెనని యడుగగా, అన్నవస్త్రములకు లోటులేక పని చేసికొను తీఱికయే ఆతడు కోరినది. నెలకు ఇరువదియైదు రూపాయలు తమ సొంత సొమ్మునుండి రావుగా రిచ్చుచు, నెల్లూరువంటి చోట ఆతనికి పనిలేదని మదరాసునకు మఱల పంపిరి.

1911లో సంఘ పత్రికలో ఆతని మొదటి వ్యాసము వెలువడినది. అదే పత్రికలో చదువరుల కొక ప్రశ్నయు వేసెను. ఒక వర్గమూలములో మఱియొక వర్గమూలము, దానిలో వేఱొకటి, ఇట్లు అంతులేక లోపలికి పోవు నొక గొలుసు. దాని విలువ యెంత? నెలలు గడచినను ఎవ్వరును బదులు పంపలేదు. సమాధానము 3. పరుల సొమ్ముపై జీవించుట ఇష్టములేక ఆతడు 1912 మార్చి 1వ తేదీని మదరాసు పోర్టు ట్రస్టులో నెలకు ముప్పది రూపాయల గుమాస్తాపనిలో చేరెను. అక్కడి ఉన్నతోద్యోగి ఎస్. నారాయణయ్యరుగారు గణిత సంఘమునకు కోశాధికారి. రాత్రులయందు వారిరువురును పలకలు ముందుంచుకొని కూర్చుండెడివారు. ఒక డిప్యూటీ కలెక్టరు, ఒక కలెక్టరు, ఒక రేవు కచేరీ ఉద్యోగి. వీరెవ్వరును అప్పుడు గణితమునకై జీతము పుచ్చుకొనుచున్నవారు కారు.

1913 జనవరి 16వ తేదీని రామానుజుడు కేంబ్రిడ్జిలోని హార్డీకి వ్రాసిన లేఖ లోకప్రసిద్ధము. అందు దాదాపు నూటయిరువది ఫలితము లుండెను. కొన్ని ముందే తెలిసినవి, కొన్ని తప్పులు, కొన్ని హార్డీ యెన్నడును కని విని యెఱుగనివి. అభాజ్య సంఖ్యలెన్ని యుండునో ఖచ్చితముగ చెప్పు సూత్రము తనకు లభించినదని రామానుజుడు వ్రాసిన మాట పొరపాటు. దానికి వలయు సంకీర్ణ చలరాశుల శాస్త్రమే ఆతడప్పటికి నేర్వలేదు. మన వీరులయందు దోషమెన్నుట మనవారికి రుచింపదు గాని, ఈ తప్పును దాచుటవలన ఆతని గొప్పదనము పెరుగదు. ఆ శాస్త్రమును చదువక యింతదూరము వచ్చినవాడు, చదివిన యెడల నెంతదూరము పోయెడివాడో యనుటయే హార్డీకి తోచినది. లిటిల్‌వుడ్ పండితునితో కూడి ఆ లేఖను పరిశీలించి వెంటనే బదులు వ్రాసెను. అంతట మదరాసు విశ్వవిద్యాలయము, పట్టములేనివా డయ్యును, నెలకు డెబ్బదియైదు రూపాయల పరిశోధక వేతనమును 1913 మే నుండి యిచ్చెను. మఱుసటి సంవత్సరము నెవిల్ అను కేంబ్రిడ్జి పండితుడు మదరాసునకు వచ్చి ఒప్పించగా, సముద్రయాన దోషమును గుఱించిన జంకు వీడి, 1914 మార్చి 17వ తేదీని నెవాసా యను నోడపై బయలుదేఱెను.

కేంబ్రిడ్జిలో ఆతడు చేసిన పనిలో కొంతయైనను పాఠకులకు విశదపఱచుట యవసరము. మన పెద్దలు దినమును అరువది గడియలుగ విభజించిరి; సంవత్సరములకును అరువది పేర్లు పెట్టిరి. అరువది యేల? దానిని శేషము లేకుండ భాగింపగల సంఖ్యలు పండ్రెండు కలవు. అరువదికి తక్కువైన యే సంఖ్యకును అన్ని భాజకములు లేవు. ఇట్లు తనకన్న చిన్నవైన సంఖ్య లన్నిటికంటె నెక్కువ భాజకములు గల సంఖ్యలు ఏ క్రమమున వచ్చునో, వాని నిర్మాణమెట్టిదో విచారించుచు 1915లో ఆతడొక దీర్ఘవ్యాసము ప్రకటించెను. అందలి పట్టికలోని కడపటి సంఖ్య 6746328388800. దాని భాజకములు 10080. ఆ వ్యాసమునకే 1916లో కేంబ్రిడ్జి పట్టము లభించినది. కుంభకోణమునను మదరాసునను దొరకని పట్టము అట్లు దొరకినది.

ఇంతకన్న గంభీరమైనది సంఖ్యల విభాగ సమస్య. నాలుగు కొబ్బరికాయలను కుప్పలుగ పెట్టవలెనన్న ఎన్ని విధముల పెట్టవచ్చును? నాలుగును ఒకే కుప్ప, మూడు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి, ఒకటి, విడివిడిగ నాలుగు. మొత్త మైదు విధములు. పది కాయలైన నలువదిరెండు విధములు. నూఱైనచో 19,05,69,292. ఇన్నూఱైనచో దాదాపు నాలుగు లక్షల కోట్లు. చిన్నపిల్లలకైనను అర్థమగు ప్రశ్న. కాని యే సంఖ్యకైనను వెంటనే సమాధానము చెప్పు సూత్రము మాత్రము ఎవ్వరికిని దొరకలేదు. రామానుజుడును హార్డీయును కలిసి 1918లో అట్టి సూత్రమును ప్రకటించిరి. పూర్వము ఫిరంగిదళమున పనిచేసిన మేజరు మెక్‌మహన్, ఇన్నూఱు వఱకు విభాగ సంఖ్యలను చేతితో గుణించి పట్టిక వ్రాసియుండెను. సూత్రమునందలి ఎనిమిది పదములను మాత్రమే కూడగా వచ్చిన సంఖ్యకును, మేజరు నెలల తరబడి గుణించిన సంఖ్యకును భేదము వేయింట నాలుగు పాళ్లు! సూత్రము నిక్కమని దానితో తేలినది. ఆ సూత్రము నట్టి రూపమున సాధింపవచ్చునను ధైర్యము రామానుజునిది. దానిని నిరూపించు నేర్పు హార్డీది. ఇరువురిలో నెవ్వరును ఒంటరిగ దానిని సాధించియుండెడివారు కారు.

మేజరు పట్టికను చూచుచుండగా రామానుజునకు మఱియొక వింత కనబడినది. 4, 9, 14, 19 ఇట్లు నాలుగుతోనో తొమ్మిదితోనో ముగియు సంఖ్యల విభాగ సంఖ్యలన్నియు అయిదుచే నిశ్శేషముగ భాగింపబడును. 4కు 5, 9కి 30, 14కు 135. ఇట్లే ఏడునకును, పదునొకండునకును నియమములు కలవు. కూడికలనుండి పుట్టిన సంఖ్యలకు భాగహారముతో నేమి సంబంధము? 1919లో వీనిని ప్రకటించి, అయిదు, ఏడు, పదునొకండుల వర్గ ఘనాదులకును ఇట్టి నియమములే యుండునని ఊహించెను. ఈ యూహను గుఱించి ముందు మఱల చెప్పుదుము.

1914 ఆగష్టులో యుద్ధము వచ్చెను. లిటిల్‌వుడ్ మొదలగువారు యుద్ధపు పనులకు పోయిరి. నిష్ఠగల శాకాహారి, తన వంట తానే చేసికొనువాడు, యుద్ధకాలమున సరకులు దొరకక, వేళకు భోజనము లేక, చలికి తాళలేక 1917లో జబ్బుపడెను. అక్కడి వైద్యులు క్షయయని చికిత్స చేసిరి. 1994లో ఒక వైద్యుడు పాత నివేదికలన్నియు పరిశీలించి, అది కాలేయమునకు సోకిన అమీబా వ్యాధి యని, దానికి అప్పటికే మందున్నదని వాదించెను. ఆ మాట నిజమైనచో అంతకన్న దుఃఖకరమగు విషయము లేదు. 1918 మే నెలలో రాయల్ సొసైటీ సభ్యత్వమును, అక్టోబరులో ట్రినిటీ కళాశాల ఫెలో పదవియు వచ్చినవి. ఈ రెండవ గౌరవము పొందిన భారతీయులలో ఆతడే ప్రథముడు. మదరాసు విశ్వవిద్యాలయము అయిదేండ్లపాటు ఏటేట 250 పౌనుల నిచ్చుటకు నిర్ణయించినది. దానికి బదులుగ 1919 జనవరి 11వ తేదీని ఆతడు వ్రాసిన లేఖను మన పాఠశాలలయందు చదివింపవలెను. ఆ మొత్తము తన యవసరములకు మించినదని, తల్లిదండ్రుల కేటా యేబది పౌనులిచ్చి, తన యావశ్యక వ్యయములు పోగా మిగిలినదానిని బీదపిల్లల యొక్కయు అనాథల యొక్కయు చదువునకు, పుస్తకములకు వినియోగింపుడని ఆతడు కోరెను. పరీక్ష తప్పి వేతనము పోగొట్టుకొన్నవాడు వ్రాసిన లేఖ యిది.

1919 మార్చిలో స్వదేశమునకు వచ్చెను. సంవత్సరమునకు పైగా బ్రదికెను, మంచముపైనే పని. 1920 జనవరి 12వ తేదీని హార్డీకి వ్రాసిన కడపటి లేఖలో, తాను మాక్ తీటా ఫలనములని పేరిడిన పదునేడు నూతన ఫలనములను వర్ణించెను. వాని నిర్వచనమును స్పష్టముగ చెప్పలేదు. చెప్పుటకు వ్యవధి లేకపోయెను. ఏప్రిలు 26వ తేదీని మదరాసులో చేత్‌పట్టున మరణించెను. సముద్రము దాటినవాడని బంధువులలో ననేకులు దహనమునకు రాలేదు.

ఇంతవఱకు నందఱికిని కొంతయో గొప్పయో తెలిసినదే. తెలియనిది తరువాతి కథ.

1927లో హార్డీ, శేషయ్యరు, విల్సన్ గారలు కూర్చిన సంపుటమున ఆతని ముప్పదియేడు వ్యాసములును ముద్రింపబడినవి. ఆ గ్రంథము పోయిన చోటనెల్ల విద్యార్థులు పుట్టిరి. నార్వేలో సెల్‌బర్గ్ అను పదునేడేండ్ల బాలుడు 1934లో ఒక పత్రికలో రామానుజునిపై వచ్చిన వ్యాసమును చదివి, ఆ సంపుటమును తెచ్చుకొని, గణితమునకే జీవితము నర్పించెను. 1950లో ఫీల్డ్స్ పతకము నందెను. విభాగ సూత్రమునకై కల్పింపబడిన పద్ధతిని హార్డీ, లిటిల్‌వుడ్ గారలు పెంచి పెద్దజేసి, అభాజ్య సంఖ్యల సమస్యలకును ఘాతముల సమస్యలకును ప్రయోగించిరి. రష్యాలో వినోగ్రదోవ్ 1937లో దానిని ఇంకను ముందునకు నడిపెను. మన దేశమున అన్నామలై విశ్వవిద్యాలయమందలి ఎస్. ఎస్. పిళ్లెగారు ఆ దారినే పోయి, ఘాతములనుగూర్చి వేరింగ్ వేసిన పాత ప్రశ్నను 1936 మొదలుకొని చాలవఱకు పరిష్కరించిరి.

ఇప్పుడు ముందు చెప్పిన యూహకు వత్తము. ఏడు ఘనమగు 343ని గుఱించి రామానుజుడు చెప్పినదే నిజమైనచో, 243 యొక్క విభాగ సంఖ్య 343చే నిశ్శేషముగ భాగింపబడవలెను. మెక్‌మహన్ పట్టిక ఇన్నూఱుతో ఆగినది గావున రామానుజుడు దానిని సరిచూడలేకపోయెను. పంజాబుకు చెందిన హంసరాజ్ గుప్తగారు పట్టికను మున్నూఱు వఱకు పొడిగించిరి. 243నకు వచ్చిన సంఖ్య 133978259344888. సర్వదమన్ చౌలాగారు దానిని పరీక్షించి, 343చే భాగింపగా శేషము మిగులునని 1934లో ప్రకటించిరి. కాగితము కలము చేతబట్టిన పాఠకుడెవ్వడైనను చూచుకొనవచ్చును, శేషము 245. రామానుజుని యూహ ఆ రూపమున తప్పు. చౌలాగా రప్పుడు వాల్తేరులో మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు గణితశాఖాధ్యక్షులు. ఇరువదితొమ్మిదేండ్లకు ముందు, పరీక్ష తప్పిన పిల్లవాడు తల దాచుకొనవచ్చిన పట్టణమే యది. ఆతని యూహను దిద్దుటకంటె ఆతనికి చేయదగిన గౌరవ మేమున్నది? తప్పు తెలిసిన పిమ్మటనే వాట్సన్ 1938లో సరియైన నియమమును నిరూపించెను. పదునొకండునకు సంబంధించిన భాగమును 1967లో ఆట్కిన్ నిరూపించెను.

కొబ్బరికాయల లెక్కలోనే మఱియొకటి. నాలుగింటి విభాగము లైదని చెప్పితిమి. అయిదుచే భాగింపబడునన్న, ఆ విభాగములను సమానమైన అయిదు గుంపులుగ విడదీయుటకు సహజమైన మార్గమేదైన నుండవలెను గదా. 1944లో కేంబ్రిడ్జి విద్యార్థియగు ఫ్రీమన్ డైసన్ దానిని చూపెను. ఒక్కొక్క విభాగములో పెద్ద కుప్పలోని కాయల సంఖ్యనుండి కుప్పల సంఖ్యను తీసివేయుడు. పై అయిదింటికిని వరుసగ 3, 1, 0, ఋణము 1, ఋణము 3 వచ్చును. అయిదుచే భాగించి శేషములను చూడుడు: 3, 1, 0, 4, 2. ఒక్కటియు రెండుమాఱులు రాలేదు! ఇది యెల్లప్పుడును జరుగునని డైసన్ ఊహింపగా, 1954లో మఱియిద్దఱు నిరూపించిరి. పదునొకండునకు మాత్ర మీ కొలత పనికిరాలేదు. దానికి తగిన వేఱు కొలతను 1988లో ఆండ్రూస్, గార్వాన్ అనువారు కనుగొనిరి.

1916 నాటి మఱియొక వ్యాసమున రామానుజుడు టౌ అను నొక సంఖ్యల వరుసను గుఱించి మూడు ఊహలు చేసెను. రెండింటిని మార్డెల్ మఱుసటి సంవత్సరమే నిరూపించెను. మూడవది, అభాజ్య సంఖ్యలవద్ద ఆ విలువలు ఒక హద్దును మీఱవనునది, ఎవ్వరికిని లొంగలేదు. 1974లో బెల్జియము దేశీయుడగు డెలీన్ దానిని సాధించెను. దానికి జ్యామితిలో నొక క్రొత్త ప్రపంచమునే కట్టవలసి వచ్చినది. 1914లో ఆతడు ప్రకటించిన పై విలువ శ్రేణులును ఇట్టివే. 1985లో అమెరికాలో గాస్పర్ అనువాడు వానిలో నొకదానిని కంప్యూటరు యంత్రమునకు నేర్పి, పై విలువను కోటి డెబ్బదియైదు లక్షల స్థానముల వఱకు గుణించెను. ఆ శ్రేణికి పూర్ణమైన ఉపపత్తి యప్పటికి ప్రకటితము కాలేదు. ఋజువుకాని సూత్రముతో యంత్రము నడచినది!

ఇవి ముద్రితములైన వ్యాసముల సంగతి. నోటు పుస్తకముల కథ వేఱు. వాట్సన్, విల్సన్ గారలు 1929 ప్రాంతమున వానిని పరిష్కరింప నారంభించిరి. 1935లో విల్సన్ మరణించెను; వాట్సన్ ఇరువదికి మించి వ్యాసములు వ్రాసి ఆ పని విడిచెను. తరువాత చాలకాల మది యట్లే పడియుండెను. 1957లో బొంబాయిలోని టాటా పరిశోధనాలయము ఆ పుస్తకములను ఉన్నవి యున్నట్లు ఛాయాచిత్రములుగ రెండు సంపుటములలో ప్రకటించినది. అప్పుడక్కడి గణితశాఖకు నాయకులు మన మచిలీపట్టణమున జన్మించిన కొమరవోలు చంద్రశేఖరన్ గారు. రామానుజుని కాలముననే కేంబ్రిడ్జిలో చదివివచ్చి మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బోధించిన కె. ఆనందరావుగారి శిష్యులు వీరు. పిళ్లెగారును, టి. విజయరాఘవన్ గారును ఆయన శిష్యులే. వాల్తేరులో బోధించిన మీనాక్షిసుందరం గారును ఆ గురుకులమువారే.

కడపటి సంవత్సరపు కాగితము లింకను దారుణమైన గండము దాటినవి. రామానుజుడు మంచముపై వ్రాసిన ఆ పుటలు నూటికి పైబడినవి; మదరాసు విశ్వవిద్యాలయము 1923లో హార్డీకి పంపెను; ఆయననుండి వాట్సన్ చేతికి పోయినవి. 1965లో వాట్సన్ మరణింపగా, ఆతని యింటి గదిలో నేలపై గుట్టలుగ పడియున్న కాగితములను కొలదిదినములలో తగులబెట్టవలసియుండెను. చూడవచ్చిన విటేకర్ అను పండితుని కంట అవి బడినవి. అట్లు దక్కి ట్రినిటీ కళాశాల గ్రంథాలయమునకు చేరి, ఒక పెట్టెలో నుండిపోయినవి. 1976లో ఆండ్రూస్, అన్యకార్యమునకై పోయి, ఆ పెట్టె తెఱచెను. మాక్ తీటా ఫలనములు కంటబడినంతనే అది యెవరి వ్రాతయో, ఎప్పటిదో ఆయనకు తెలిసిపోయినది.

మదరాసులో తిరువళ్లిక్కేణిలో కుట్టుపనిచే చాలకాలము జీవించిన జానకియమ్మగా రప్పటి కింకను సజీవులు. 1994లో ఆమె మరణించిరి. భర్త కొక శిలావిగ్రహమైనను లేదని ఆమె చెప్పిన మాట పత్రికలలో చదివి, నానాదేశముల గణితజ్ఞులు చందాలు వేసికొని కంచు ప్రతిమ నొకదానిని పోతపోయించి ఆమె కంపిరి. ఆ చందాల పట్టికకు పూనుకొన్నవాడు అమెరికా దేశీయుడగు ఆస్కీ పండితుడు. మన దేశమున అట్టి పట్టిక అరువదియేండ్లలో నెవ్వరును ప్రారంభింపకుండుట గమనింపదగినది.

1977 మొదలుకొని బ్రూస్ బెర్న్‌ట్ అను నమెరికా పండితుడు నోటు పుస్తకములలోని మూడువేలకు మించిన ఫలితములను ఒక్కొక్కటిగ పరిశీలించి, 1985 నుండి 1998 వఱకు అయిదు సంపుటములు ప్రకటించెను. తప్పులు దొరకినవి, మిక్కిలి కొద్ది. కడపటి లేఖలోని పదునేడు ఫలనముల మర్మము 2002లో హాలండు దేశమున ఉట్రెక్టులో జ్వేగర్స్ అను యువకుడు తన పట్టపు సిద్ధాంతవ్యాసమున విప్పెను. ఆ లేఖ పుట్టి అప్పటికి ఎనుబదిరెండేండ్లు. ట్రినిటీ పెట్టెలోని కాగితములకు ఆండ్రూస్, బెర్న్‌ట్ గారలు కూడి వ్రాసిన వ్యాఖ్య 2005లో ఆరంభమై, అయిదవ సంపుటముతో 2018లో ముగిసినది.